చైన్‌మన్ కాక చూపిన నక్ష బాట

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా చైన్‌మన్ కాక చనిపోయాడు. కబురు అందేటప్పటికి నేను తుర్కయంజాల్‌లో ఎవరిదో ప్లాటు మూల దగ్గర టేపు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన అల్లుడు ఫోన్ చేసి, "అన్నా, మామ పోయిండు, ఇందాకనే," అన్నాడు. వస్తున్నానని చెప్పాను. చెప్పి, ఆ ప్లాటు మిగతా రెండు మూలలు కూడా కొలిపించి, రాళ్లకు రంగు పూయించి, అప్పుడు బయల్దేరాను. ఆలస్యంగా వెళ్తే ఆయన ముఖం ఎక్కువసేపు చూడక్కర్లేదని లోపల ఎక్కడో అనుకున్నట్టున్నాను.

ఇలాంటి వ్యాసాల్లో పోయినవాళ్ల మంచితనం రాస్తారు. నేనూ రాస్తాను, రాయకుండా ఉండలేను. కానీ ఆయన బతికుండగా నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. మూడేళ్లుగా చెప్పలేదు. ఇక చెప్పడానికి మీరు తప్ప ఎవరూ లేరు కాబట్టి ఇది రాస్తున్నాను.

చైన్‌మన్ అంటే తెలియని వాళ్లుంటారు. భూమి కొలవడానికి సర్వేయర్ వచ్చినప్పుడు, ఆయన చెప్పిన వైపల్లా ఇనుప గొలుసు లాక్కుంటూ ముళ్లలో, బురదలో నడిచే మనిషి చైన్‌మన్. కాగితం మీద సంతకం సర్వేయర్‌ది, కాళ్లలో ముళ్లు చైన్‌మన్‌వి. కాకది వలిగొండ దగ్గర ఒక ఊరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ మూసీ ఒడ్డు ఊళ్లలోనే గొలుసు లాగాడు. రిటైరయ్యాక కూతురు, అల్లుడి దగ్గర మన్సూరాబాద్‌లో, మా కాలనీలోనే ఉండేవాడు. ఆ కాలనీ ఒకప్పుడు మా తాత జొన్నచేను. మావాళ్లు దాన్ని గుంటలు గుంటలుగా అమ్ముకుంటూ వచ్చారు. నా వంతుకు ఇల్లు మిగిలింది, దాంతోపాటు ఎల్బీనగర్‌లో ఒక చిన్న ఆఫీసు. అందులో కూర్చుని ఇతరుల భూములకు లేఅవుట్లు గీస్తాను. అయినా కాక నన్ను మొదటి రోజు నుంచీ "పటేలా" అనే పిలిచాడు. భూమి లేని పటేల్‌ను అలా పిలవడంలో మర్యాద ఎంతో, ఎగతాళి ఎంతో నాకు ఎన్నడూ తేలలేదు.

షుగర్ వచ్చిందని డాక్టరు కదలమంటే, గేర్ల సైకిల్ ఒకటి కొన్నాను. కాలనీలో రెండు చుట్లు తిరిగి గేటు లోపల పెట్టేశాను. రెండు నెలలు అది అక్కడే ఉంది. ఒక సాయంత్రం కాక తన నల్ల సైకిల్ మా గేటుకు ఆనించి, నా సైకిల్ వైపు జాలిగా చూసి, "పటేలా, తుప్పు పట్టకముందే దానికి జర ఊరు చూపియ్యరాదు," అన్నాడు. ఆ ఆదివారం పొద్దున ఆయన వెంట వెళ్లాను. అప్పటి నుంచి ఎనిమిదేళ్లు, వానలు మరీ గట్టిగా పడితే తప్ప, ఆదివారాలు ఆయనవే.

కొన్నాళ్లకు మూడో మనిషి కలిశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే మాస్టారు, గుంటూరు వైపు ఆయన. వారమంతా సుద్దపొడి మింగి ఆదివారం గాలి కోసం వచ్చేవాడు. కాకను అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగింది ఆయనే. కాక కూడా ఎన్నేళ్లకో దొరికిన శిష్యుడన్నట్టు, ఒక్కోదానికి సైకిల్ ఆపి మరీ జవాబు చెప్పేవాడు.

పెద్ద అంబర్‌పేట్ దగ్గర రింగురోడ్డు కిందుగా దాటి కాస్త పక్కకు తిరిగితే, ఎవరో స్విచ్చి కట్టేసినట్టు పట్నం ఆగిపోయేది. ఆ తర్వాత పశువుల గడ్డి మళ్లు, బర్రెలు, కాలువలు, నదికి అడ్డంగా పాతకాలపు కత్వలు, అంటే చిన్న రాతి ఆనకట్టలు. కత్వ మీంచి నీళ్లు దూకే చోట తెల్లటి నురుగు మనిషి ఎత్తున లేచి, గాలికి ముక్కలై పొలాల మీద పడేది. నిజం చెప్పాలి, మూసీ అక్కడ కంపు కొడుతుంది. మొదటి రోజు ముక్కు మూసుకున్నాను. కాక నన్ను చూసి నవ్వి, "గీ కంపు ఉన్నన్ని దినాలు మన బాటకు ఢోకా లేదు, పటేలా. ఎవ్వడు రాడు," అన్నాడు. ఆ మాటలోని తెలివి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పట్నం మురికి మోసుకుపోతూ కూడా ఆ నది తన ఒడ్డున ఒక ప్రశాంతమైన లోయను దాచుకుంది. పిల్లాయిపల్లి దాటితే మధ్యాహ్నం పూట కూడా మా సైకిల్ గొలుసుల చప్పుడు మాకు వినిపించేది.

కాక దారులు వెతికే పద్ధతి వేరు. ఆయనకు ఫోన్‌లో మ్యాపు పనికిరాదు. ప్రతి ఊరికి సర్వేవాళ్ల పాత నక్ష ఒకటి ఉంటుంది. అందులో పొలాల హద్దులతో పాటు, ఎడ్లబండ్లు నడిచిన బాటలు చుక్కల గీతల్లో ఉంటాయి. వాటిని నక్ష బాటలంటారు. నక్షలో ఉన్న బాట ఏ ఒక్కరిదీ కాదు, దాన్ని మూసే హక్కు ఎవరికీ లేదు. మా వ్యాపారంలో ఆ మాట రోజూ వినపడుతుంది. భూమికి నక్ష బాట ఉంటే రేటు లేస్తుంది. నాకు అది బేరంలో వాడే మాట. ఆయనకు అది కాళ్లకు తెలిసిన నేల. నక్షలు ట్రేసింగు కాగితం మీద గీసుకుని, ఊరికి ఊరు అతికించుకుంటూ, మన్సూరాబాద్ నుంచి మూసీ వెళ్లి కృష్ణలో కలిసే వాడపల్లి దాకా ఒక సైకిల్ దారి కట్టాలని ఆయన కోరిక. ఎక్కడా హైవే ఎక్కకూడదు. అదొక్కటే షరతు.

ఏ బాటనైనా అటు ఒకసారి, ఇటు ఒకసారి తొక్కితే గానీ పుస్తకంలో ఎక్కించేవాడు కాదు. పోయేటప్పుడు కనబడింది వచ్చేటప్పుడు కనబడదనేవాడు. దూరాలన్నీ గొలుసుల్లో రాసేవాడు. ఆయన గొలుసు ముప్పై మూడు అడుగులు, కిలోమీటరుకు సుమారు వంద. "ఇంకెంత దూరం కాకా?" అని నేను రొప్పుతూ అడిగితే, "గీడనే, మూడు వందల గొలుసులు," అనేవాడు. మాస్టారు మనసులో భాగించుకుని నిట్టూర్చేవాడు. గొలుసుల పక్కన నీడ ఎక్కడుంది, తాగే నీళ్లు ఎవరింట్లో ఇస్తారు, ఏ వాకిట్లో కుక్క కరుస్తుంది అని రాసుకునేవాడు. ఒక పేజీలో "కుక్క చచ్చింది, ఇప్పుడు భయం లేదు" అని దిద్దుబాటు కూడా ఉంది.

ఇంకో అలవాటు ఉండేది. తనకు బాగా తెలిసిన దారైనా సరే, ఊళ్లో అందరికంటే పెద్ద వయసు మనిషి దగ్గర ఆగి, బండ్ల బాట ఎటు పోతుందని అడిగేవాడు. తెలిసి ఎందుకు అడుగుతావని నేను విసుక్కుంటే, "అడిగేటోడు ఒస్తనే ఉండాలె పటేలా. లేకుంటే ఆళ్లు మరిచిపోతరు, ఎనుక దున్నుకుంటరు," అన్నాడు. హద్దు రాయి కనిపిస్తే సైకిల్ దిగి, చుట్టూ మొలిచిన గడ్డిని చెప్పుతో తొక్కి చదును చేసి, రాయి నెత్తిన ఒకసారి చెయ్యి వేసేవాడు. చాలా రాళ్లు ఆయన చేత్తో పాతినవే.

దారి మొత్తం కుదిరింది, ఒక్కచోట తప్ప. నది పెద్ద వంపు తిరిగే దగ్గర రెండు ఊళ్ల మధ్య బాట నక్షలో ఉంది, నేల మీద లేదు. ఆ ఊళ్ల పేర్లు చెప్పను. రెండేళ్లు వెతికాం. చివరికి సర్కారు తుమ్మల కింద ఒక రాయి దొరికింది, దాని నుంచి కాక అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతే రెండోది, మూడోది. ఆ ఎండాకాలం ఆదివారాలన్నీ గొడ్డళ్లు పట్టుకుని ముగ్గురం ఆ తుమ్మలు కొట్టాం. మాస్టారి చేతికి ముల్లు దిగి వారం రోజులు బోర్డు మీద ఎడమచేత్తో రాశాడు. సైకిల్ పట్టేంత దారి అయింది. అటు చివర నుంచి ఇటు చివరకు కాక ఒక్కడే ముందు తొక్కాడు. తిరిగొచ్చి, చెమట తుడుచుకుంటూ, ఇక మన ఇంటి నుంచి వాడపల్లి దాకా బాట ఉందన్నాడు. దసరా దాటాక మూడు రోజులు వీలు చేసుకుని, మూడు మజిలీల్లో మొత్తం ఒకే ప్రయాణంగా పోదామనుకున్నాం.

దసరాకు ముందే ఒక పార్టీ మా ఆఫీసుకు వచ్చాడు. మా వ్యాపారంలో పని తెచ్చేవాణ్ని పార్టీ అంటాం. నది బాగుపడుతుందని, కంపు పోతుందని అప్పటికే మాటలు మొదలయ్యాయి. ఆ నమ్మకంతో అతను వంపు దగ్గర ఇరవై ఎకరాలకు పైగా కొన్నాడు. కానీ భూమికి దారి లేదు, దారి లేకపోతే లేఅవుట్‌కు అనుమతి రాదు. ఏదన్నా ఉపాయం చూడమని బతిమాలుతున్నాడు. సర్వే నంబర్లు చూశాను. మేం తుమ్మలు కొట్టిన బాట సరిగ్గా ఆ భూమి మధ్యలోంచి పోతోంది. నోరు మూసుకుంటే సరిపోయేది. "నక్ష బాట ఉంది," అన్నాను.

నేను పూర్తిగా దొంగను కాను, అది కూడా మీకు చెప్పాలి. ప్లానులో దాన్ని ముప్పై మూడు అడుగుల రోడ్డుగా చూపిస్తే బాట రికార్డుకు ఎక్కుతుంది, ఇక ఎవరూ దున్నుకోలేరు, తుమ్మలు మొలవవు, పైగా తారు పడుతుంది అనుకున్నాను. నా వృత్తిలో ఉన్నవాడికే పుట్టే బుద్ధి ఇది. ఏది బతకాలన్నా ముందు ప్లానులోకి ఎక్కాలని మా నమ్మకం. నమ్మి, ఆ రాళ్లు ఎక్కడున్నాయో చూపించడానికి కాకనే తీసుకెళ్లాను. ఇంకెవరికీ తెలియదు కదా.

ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఏడు రాళ్లు చూపించాడు. పార్టీ మనుషులు ప్రతి రాయికి ఎర్రరంగు పూస్తుంటే పక్కన నిలబడి, టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు. పని అయ్యాక నా భుజం మీద చెయ్యి వేసి, "ఇగ నేను పోయినా గీ బాట ఉంటది, పటేలా. మంచి పని చేసినవ్," అన్నాడు. అవే మాటలు. నేను ఒక్క అక్షరం కూడా కలపలేదు.

తర్వాత పార్టీ చుట్టూ కాంపౌండు గోడ కావాలన్నాడు. బాట పడమటి వైపు గేటులోంచి లోపలికి వస్తుంది, తూర్పు కొసన గోడకు తగిలి ఆగిపోతుంది. నేను ఆ గోడలో నాలుగు అడుగుల చిన్న గేటు ఒకటి గీశాను, సైకిల్ పట్టేంత. అతను కంప్యూటర్ తెర మీద దాన్ని వేలుతో చూపించి, బర్రెలొస్తాయి, దొంగలొస్తారు, తీసెయ్యమన్నాడు. ఆ బాట మూయకూడదని నాకు తెలుసు. అతనికంటే నాకే బాగా తెలుసు. ఆ గీతను ఎంచి మీట నొక్కాను, పోయింది. ఎదురు చెప్పలేదు. చెబితే పని వేరే ఆఫీసుకు పోతుందన్న భయం, అంతే, ఇంకే కారణమూ లేదు.

మాస్టారికి పరీక్షల సీజనని దసరా ప్రయాణం వాయిదా పడింది. ఆ తర్వాత నేనే ఏదో ఒక సాకు చెప్పి వాయిదా వేయిస్తూ వచ్చాను. గోడ లేచేలోపు కాకకు చెప్పాలనుకున్నాను. లేవడానికి ఏడాది పట్టింది, చెప్పలేదు. పెళ్లి ఉందని నేను వెళ్లని ఒక ఆదివారం వాళ్లిద్దరూ వేరే దారిన పోయి, తూర్పు ఊరి వైపు నుంచి తిరిగొస్తూ ఆ గోడ చూశారు. సాయంత్రం మాస్టారు ఫోన్ చేశాడు. కాక గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడట. తర్వాత గోడ వెంబడి ఆ చివర దాకా, ఈ చివర దాకా నడిచి, సందు దొరకక తిరిగొచ్చాడట. "ఎంత మోసం చేశాడండీ ఆ బిల్డరు," అన్నాడు మాస్టారు. అవును, మోసం చేశాడన్నాను.

మర్నాడు కాక మా ఆఫీసుకు వచ్చాడు. ఆయన కుర్చీలో కూర్చుని, దారుల పుస్తకం నా ముందు పెట్టి, కళ్లు మసకలొచ్చాయి, కొత్త తోవ నువ్వే గీయమన్నాడు. గోడను తప్పించి హైవే మీదుగా పోయే తోవ అది. ఆయన చెబుతుంటే నేను రాశాను. "హైవే, పద్నాలుగు వందల గొలుసులు. నీడ లేదు. నీళ్లు పెట్రోల్ బంకుల దొరుకుతయి." అన్నేళ్ల పుస్తకంలో హైవే అన్న మాట రావడం అదే మొదలు, అదీ నా చేతిరాతలో. నా వెనక గోడకు ఆ లేఅవుట్ ప్లాను తగిలించి ఉంది. ఆయన దానివంక చూశాడా, చూస్తే ఆ మసక కళ్లకు ఏమైనా కనిపించిందా, నాకు తెలియదు. చాయ్ తాగి, పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. అడిగి ఉంటే చెప్పేవాణ్నని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అడగలేదు కాబట్టే బతికిపోయాననేది నిజం.

తప్పు చేసినవాడు ఊరుకోడు, ఏదో ఒక కానుక పట్టుకుని తిరుగుతాడు. ఆ వెంచర్‌లో పార్కు చుట్టూ సైకిల్ ట్రాకు పెట్టించమని పార్టీ వెంటపడ్డాను. బ్రోషర్‌లో బాగుంటుందని అతను ఒప్పుకున్నాడు. నీలిరంగు వేసిన ట్రాకు తయారైంది. అప్పటికి కాకకు ఆయాసం మొదలై సైకిల్ మానేశాడు. ఆయన్ను కారులో ఎక్కించుకుని, నా సైకిల్ వెనక పెట్టుకుని అక్కడికి తీసుకెళ్లాను. గేటు దాటి తారురోడ్డు మీద పోతుంటే ఒకచోట కారు ఆపమని, "గీడ నాలుగో రాయి ఉండె," అన్నాడు. అక్కడ ఇప్పుడు దీపస్తంభం ఉంది. ట్రాకు మీద మెల్లగా ఒక చుట్టు తొక్కి, ఎక్కినచోటే దిగాడు. సైకిల్ నా చేతికిస్తూ, "మంచిగనే చేసిండ్రు. గని పటేలా, ఇది ఎటు పోదు గదా," అన్నాడు. కోపంగా కాదు, ఒక లోపం కనిపిస్తే చెప్పినట్టు చెప్పాడు. అప్పుడు చెప్పాల్సింది. నేను ఆయనకు ఫౌంటెన్ చూపించాను.

ఈ ఎండాకాలం ఆయన్ను దవాఖానలో వేశారు. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. ఇవాళ చెప్పేస్తానని గట్టిగా అనుకుని వెళ్లాను. మంచం కిటికీ పక్కన ఉంది, బయట ఫ్లైఓవర్ మీద బస్సులు పోతున్నాయి. మాస్కు తీసి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ, వానలు పడ్డాక వాడపల్లి పోదామా అని అడిగాడు. పోదాం కాకా అన్నాను. మనలో ఎవరూ ఆ దారి మొత్తం ఒక్కసారీ పోలేదు, నువ్వన్నా పోవాలన్నాడు. సరేనన్నాను. నర్సు వచ్చి మాస్కు పెట్టింది. తెచ్చిన బత్తాయిలు కూతురు చేతికిచ్చి వచ్చేశాను. నాలుగో రోజు ఆ ఫోన్ వచ్చింది.

దహనం అయ్యాక అస్థికలను ముంతలో పెట్టి, తెల్లగుడ్డ మూతి కట్టి, శ్మశానంలో వేపచెట్టుకు వేలాడదీశారు. ముంతను ఇంట్లోకి తేరు కదా. కారులో వాడపల్లి తీసుకెళ్లి కలుపుతారనుకున్నాను. ఐదో రోజు కాక కూతురు నన్ను పిలిచింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. "అన్నా, నాయిన ఒక్కటే చెప్పిండు. నన్ను కార్ల తీస్కపోవద్దు, పటేల్‌కు ఇయ్యి, బాట ఆయనకెరుక అన్నడు," అంది. మేం కారులో వచ్చి తొమ్మిదో రోజు అక్కడ కలుస్తామంది. కాక నల్ల సైకిల్ కూడా బయట తుడిచి పెట్టింది.

ఆయన అలా ఎందుకు చెప్పాడో ఎన్నిసార్లు ఆలోచించినా తేలడం లేదు. ప్లాను గీసినవాణ్ని కాబట్టి గేటు తీయించగలనని నమ్మాడేమో. లేక అంతా తెలిసే నన్ను ఆ గోడ దగ్గరికి పంపాడేమో. క్షమించాడని అనుకోవడానికి నాకు ధైర్యం చాలదు.

ముంతను కాక సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని, నేనూ మాస్టారూ ఏడో రోజు తెల్లవారాక బయల్దేరాం. రింగురోడ్డు దాటాం. వెంచర్ గేటు దగ్గర నా పథకం నాకుంది. వాచ్‌మన్‌కు చెప్పి లోపలికి పోయి, తూర్పు గోడకు నిచ్చెన వేయించి, సైకిళ్లను, ముంతను అటువైపు దింపాలి. ఇంకెప్పటికీ కాకపోయినా ఈ ఒక్కసారికి బాట బాటగా ఉంటుంది. వాచ్‌మన్ ముసలాయన. ముంతను చూసి రెండు చేతులూ జోడించాడు గానీ గేటు తీయలేదు. సార్‌ను అడగాలన్నాడు. నేనే పార్టీకి ఫోన్ చేశాను. చేతుల్లో సైకిల్ ఉందని స్పీకర్ పెట్టాను.

ప్లాట్లు కొన్నవాళ్లు ఆరోజు భూమిపూజకు వచ్చారట. ఇలాంటి రోజు అస్థికలు లోపలికి తెస్తే ఎట్లా, నువ్వే ఆలోచించమన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇది నక్ష బాట, దీన్ని ఎవరూ ఆపడానికి లేదు, ఈ మనిషే నీకు రాళ్లు చూపించింది అన్నాను. అతను మెత్తగానే, "గోడ గీసింది నువ్వే గదన్నా. చిన్న గేటు తీసేసింది గూడ నువ్వే. అప్పుడు లేని నక్ష బాట ఇప్పుడెక్కడిది?" అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. కమ్మీల్లోంచి లోపల తారురోడ్డు తిన్నగా గోడ దాకా కనిపిస్తోంది. వాచ్‌మన్ నేలచూపులు చూస్తూ, వేరే తోవ లేదా సార్ అని అడిగాడు. హైవే ఉందన్నాను.

మాస్టారు నా వంకే చూస్తున్నాడు. "అయితే మీకు ముందే తెలుసా అండీ?" అన్నాడు.

"తెలుసు," అన్నాను. మూడేళ్లు దాచిన మాట బయటికి రావడానికి క్షణం కూడా పట్టలేదు. వినాల్సిన మనిషి మాత్రం క్యారియర్ మీద ముంతలో ఉన్నాడు.

మాస్టారు తిట్టినా బాగుండేది. తన సైకిల్‌కు స్టాండు వేసి వచ్చి, నా వెనక కట్టిన తాడు ముళ్లు ఒక్కొక్కటే విప్పాడు. ముంతను రెండు చేతులా ఎత్తి, తన తువ్వాలలో పెట్టి, గుండెకు ఆనించుకుని మెడ వెనక ముడి వేసుకున్నాడు. నా కోసం ఆగకుండా హైవే వైపు తిరిగాడు.

వాడపల్లి చేరాం. హైవే మీద ఎవరైనా చేరతారు. ఆ పని జరిగింది, వాళ్లు ఏడ్చారు, నీళ్లలో కలిపారు, నన్ను చూసి కాక కూతురు దండం పెట్టింది. అవేవీ నాకు సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నది ఆ మొదటి పద్నాలుగు వందల గొలుసులు. పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నాయి, నీడ లేదు, ముందు మాస్టారి మెడ మీద తువ్వాల ముడి చిన్నదవుతూ పోతోంది. నేను కాక సైకిల్ తొక్కుతున్నాను. రోడ్డు మీద గుంత తగిలినప్పుడల్లా నా వెనక క్యారియర్ ఖాళీగా గడగడమంటోంది.